టెక్ హౌస్ మిక్సింగ్‌లో శృతి, లయ: గొడవంతా బేస్ దగ్గరే

డీజే సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రాకులూ 126 బీపీఎం (నిమిషానికి 126 బీట్లు). రెండూ 4ఏ, అంటే ఒకే కీ, ఒకే శృతి. బీట్లని దానంతటదే కలిపే సింక్ బటన్ నొక్కితే స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. తీరా రెండో ట్రాక్ వాల్యూమ్ ఫేడర్ పైకి తోస్తే కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) పలచబడిపోతుంది, బేస్ ఊగుతుంది, షేకర్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. తప్పెక్కడుందో స్క్రీన్ చెప్పదు. టెంపో అంకె, కీ అంకె రెండూ ట్రాక్ మొత్తానికి అంటించిన లేబుళ్లు. మిక్స్ జరిగేది మాత్రం ఆ ట్రాకులో ఏదో ముప్ఫై సెకన్ల ముక్కలో.

టెక్ హౌస్ ప్రధానంగా దరువు సంగీతం. కిక్, క్లాప్, ఆఫ్‌బీట్ (రెండు బీట్ల మధ్య పడే) హై-హ్యాట్, కాంగాల్లాంటి పెర్కషన్, రెండు మూడు స్వరాల్లోనే తిరిగే బేస్‌లైన్, మధ్యమధ్య ముక్కలు చేసిన గొంతు. కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు), పొడవాటి మెలోడీలు తక్కువ. అందుకని ఇందులో కీ చూడక్కర్లేదు అనేవాళ్లున్నారు. ప్రతి మిక్సూ క్యామెలాట్ చక్రం (ఏ కీతో ఏ కీ కలుస్తుందో చూపే పటం) ప్రకారమే పోవాలనేవాళ్లూ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ఒక ట్రాకులో ఉత్త డ్రమ్స్ నడుస్తున్నంతసేపు కీ పట్టించుకోనక్కర్లేదు, ఏ కీ మీదైనా ఏ కీ అయినా వేయొచ్చు. రెండు బేస్‌లు గానీ, ఒకదాని బేస్ మీద ఇంకోదాని గొంతు గానీ కలిసి మోగే ఆ కొద్ది బార్లలోనే (బార్ అంటే నాలుగు బీట్లు) శృతి కలిసిందో లేదో తేలుతుంది. లయలో ఉన్న చిన్న తేడా కూడా అక్కడే బయటపడుతుంది. కాబట్టి టెంపోని, కీని రెండు వేర్వేరు పాఠాలుగా చూడకుండా, "ఇప్పుడు బేస్ ఎవరిది?" అన్న ఒక్క ప్రశ్న నుంచి రెండింటినీ చూడాలి.

ముందు గ్రిడ్

గ్రిడ్ అంటే సాఫ్ట్‌వేర్ వేవ్‌ఫార్మ్ మీద ప్రతి బీట్ దగ్గరా గీసే గీతలు. ఇప్పటి టెక్ హౌస్ దాదాపు అంతా కంప్యూటర్‌లో కట్టిన సంగీతం. టెంపో మొదటి నుంచి చివరిదాకా కదలదు. పైగా దాదాపు ఎప్పుడూ పూర్ణాంకమే: 125, 126, 127, 128. అప్పుడప్పుడు ఒక అర కనిపిస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ 125.98 అని చూపిస్తే అది ట్రాక్ టెంపో కాదు, అనాలిసిస్‌లో దొర్లిన చిన్న పొరపాటు. 126.00కి మార్చేయండి. 0.02 తేడాతో ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆరు నిమిషాల ట్రాక్ చివరికొచ్చేసరికి గ్రిడ్ గీతకీ అసలు కిక్‌కీ మధ్య 57 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. తర్వాతి ట్రాకుని కలపాల్సింది ఆ చివర్లోనే.

సరిచూసే పద్ధతి తేలికే. వేవ్‌ఫార్మ్‌ని పూర్తిగా జూమ్ చేసి, మొదటి కిక్ లేచే అంచు మీద ఒకటో బీట్ గీత పెట్టండి. తర్వాత ట్రాక్ చివరి కిక్ దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడా గీత అంచు మీదే ఉంటే గ్రిడ్ బాగున్నట్టు. గీత క్రమంగా జరిగిపోయి ఉంటే బీపీఎం తప్పు. మొదట్లోనూ చివర్లోనూ ఒకే దూరంలో తప్పి ఉంటే బీపీఎం సరైనదే, గ్రిడ్ మొత్తాన్ని పక్కకి జరిపితే చాలు.

టెక్ హౌస్‌లో తరచూ వచ్చే ఇంకో తప్పు అర బీట్ తేడా. ఆఫ్‌బీట్ మీద బలమైన ఓపెన్ హ్యాట్, దాంతోపాటే బేస్ స్వరం కూడా పడితే సాఫ్ట్‌వేర్ దాన్నే బీట్ అనుకుంటుంది. ఇంట్రోలో కిక్ లేకుండా ఉత్త పెర్కషన్‌తో మొదలయ్యే ట్రాకుల్లో ఇది మరీ ఎక్కువ. అలాగే ఒకటో బీట్ బదులు రెండో బీట్ మీదో నాలుగో బీట్ మీదో బార్ మొదలైనట్టు చూపించడం. సింక్ నొక్కితే కిక్‌లు కలుస్తాయి కానీ క్లాప్‌లు తప్పుతాయి. 2, 4 బీట్ల మీద రావాల్సిన క్లాప్ 1, 3 మీద వినిపిస్తే కారణం అదే.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి లైబ్రరీ మార్చేవాళ్లు ఎంపీ3 ఫైళ్లని ప్రత్యేకంగా చూసుకోవాలి. కొన్నింటిలో గ్రిడ్, క్యూ పాయింట్లు (ట్రాకులో మనం పెట్టుకున్న గుర్తులు) అన్నీ ఒకేసారి 26 మిల్లీసెకన్లు జరిగిపోతాయి. ఎంపీ3లో ఒక ఫ్రేమ్ 1152 శాంపిళ్లు, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 26 మిల్లీసెకన్లు. ఫైలు మొదట్లోని ఫ్రేమ్‌ని ఒక ప్రోగ్రామ్ లెక్కలోకి తీసుకుని, ఇంకోటి వదిలేస్తే వచ్చే తేడా ఇది. వేవ్, ఏఐఎఫ్ఎఫ్ ఫైళ్లతో ఈ బాధ లేదు.

చేత్తో కలపడం

సింక్ ఉండగా చేత్తో కలపడం ఎందుకు నేర్చుకోవాలి? గ్రిడ్ తప్పినప్పుడు సింక్ ఆ తప్పునే అంతే కచ్చితంగా కలుపుతుంది. అప్పుడు చెవి తప్ప దిక్కు లేదు.

ప్లేయర్‌లో టెంపో రేంజ్ ±6% పెట్టండి. సీడీజే-2000 నెక్సస్ తరం డీజే ప్లేయర్లలో ఈ రేంజ్‌లో టెంపో ఫేడర్ 0.02% చొప్పున కదులుతుంది. 126 దగ్గర ఒక్కో మెట్టు 0.025 బీపీఎం. ±10, ±16 రేంజుల్లో మెట్టు 0.05%, అంటే 0.063 బీపీఎం. అన్నిటికన్నా పెద్దదైన వైడ్ రేంజ్‌లో 0.5%. ఇదెందుకు ముఖ్యమో లెక్క చూడండి. 126 దగ్గర ఒక బీట్ 476 మిల్లీసెకన్లు, 32 బార్లు 61 సెకన్లు. టెంపోలు 0.1 బీపీఎం తేడాగా ఉంటే నిమిషానికి 48 మిల్లీసెకన్లు జరుగుతాయి. 20, 30 మిల్లీసెకన్ల దగ్గరే కిక్ రెండు దెబ్బలుగా విడిపోయి వినిపిస్తుంది. అంటే అర నిమిషంలో మిక్స్ పాడైనట్టే. ±6 రేంజ్‌లో ఒక మెట్టు తప్పినా 32 బార్లకి 12 మిల్లీసెకన్లే జరుగుతుంది, మధ్యలో జాగ్ వీల్‌ని (ప్లేయర్ మీద చేత్తో తిప్పే గుండ్రని పళ్లెం) ఒక్కసారి తాకితే సరిపోతుంది. వైడ్‌లో పెట్టి కలపాలనుకోవడం వృథా ప్రయాస.

హెడ్‌ఫోన్‌లో కొత్త ట్రాకుని ఒకటో బీట్ మీద వదలండి. కిక్ మొదటి చప్పుడు, ఆ చిన్న టిక్ మీదే చెవి పెట్టండి. లోతైన గుమ్మనే భాగం ఆలస్యంగా సాగుతుంది కాబట్టి దాంతో కొలవలేం. కొత్తది వెనకబడుతుంటే జాగ్‌ని ముందుకి తోయండి. కొన్ని బార్ల తర్వాత మళ్లీ వెనకబడిందా? మళ్లీ ముందుకే తోయాల్సి వస్తే టెంపో తక్కువున్నట్టు, ఫేడర్‌ని ఒకటి రెండు మెట్లు పెంచండి. ఎప్పుడూ ముందు జాగ్‌తో స్థానం సరిచేసి, ఆ తర్వాతే ఫేడర్‌తో వేగం సరిచేయాలి. రెండూ ఒకేసారి కదిపితే ఏది దేన్ని సరిచేసిందో తెలియదు.

బూత్‌లో మానిటర్ స్పీకర్ లేకపోతే ఒక చెవికి హెడ్‌ఫోన్, ఇంకో చెవికి హాలు అన్న పద్ధతి పనిచేయదు. శబ్దం పది మీటర్లు ప్రయాణించడానికి 29 మిల్లీసెకన్లు పడుతుంది. దూరంలో ఉన్న పెద్ద స్పీకర్‌తో హెడ్‌ఫోన్‌ని కలిపితే అసలు మిక్స్ అంత మేరా తప్పుతుంది. అలాంటి చోట మిక్సర్‌లో హెడ్‌ఫోన్ మిక్స్ నాబ్‌ని మధ్యకి తెచ్చి, రెండు ట్రాకుల్నీ హెడ్‌ఫోన్‌లోనే విని కలపండి.

కిక్‌లు కలిసినా షేకర్లు కలవకపోతే

దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. టెక్ హౌస్‌కి ఆ ఊపు వచ్చేదే స్వింగ్ వల్ల. 126 దగ్గర పదహారో నోట్లు 119 మిల్లీసెకన్లకొకటి పడాలి. స్వింగ్ పెట్టినప్పుడు ప్రతి జంటలో రెండోది కొంచెం ఆలస్యంగా పడుతుంది. స్వింగ్ 50% అంటే నిటారుగా, ఆలస్యం లేదు. 54% అంటే 9.5 మిల్లీసెకన్ల ఆలస్యం. 58% అంటే 19 మిల్లీసెకన్లు. 62% అంటే 28 మిల్లీసెకన్ల పైనే.

ఇప్పుడు 50% స్వింగ్ ఉన్న ట్రాక్ మీద 58% ఉన్నది వేశారనుకోండి. కిక్‌లు ఒక్క మిల్లీసెకను తేడా లేకుండా కలిసినా, రెండు షేకర్లు 19 మిల్లీసెకన్ల ఎడంతో పడుతూ గలగలమంటాయి. టెంపో తప్పిందనుకుని జాగ్ తిప్పితే కిక్‌లు కూడా చెడిపోతాయి. ఇక్కడ టెంపో తప్పేమీ లేదు. ఒకదాని హై ఈక్యూని (పై శబ్దాల నాబ్) బాగా తగ్గించి, ఒకేసారి ఒక్క షేకరే వినిపించేలా చేయండి. మార్పిడి ఎనిమిది బార్ల సరిహద్దు మీద చేస్తే ఊపు మారినట్టు వినేవాళ్లకి తెలుస్తుంది, అది బాగుంటుంది కూడా. ట్రాకుల్ని సిద్ధం చేసుకునేటప్పుడే కామెంట్ గడిలో "నిటారు" అనో "ఊపు" అనో రాసి పెట్టుకుంటే రాత్రి పని తేలిక.

తీన్‌మార్ శాంపిళ్లని 126 హౌస్ బీట్ మీద వేసేవాళ్లకి ఎదురయ్యే చిక్కూ ఈ జాతిదే, ఇంకా పెద్దది. టెక్ హౌస్ చతురస్ర నడక: బీట్‌ని నాలుగు ముక్కలు చేస్తే దెబ్బలు 119, 238, 357 మిల్లీసెకన్ల దగ్గర పడతాయి. తీన్‌మార్ నడిచేది తిస్రంలో: మూడు ముక్కలు, 159, 317 దగ్గర. ప్రతి బీట్ మొదట్లో రెండూ కలుస్తాయి, మధ్యలో ఎక్కడా కలవవు. అందుకే గ్రిడ్ ఎంత సరిచేసినా గజిబిజి పోదు. తీన్‌మార్ నడుస్తున్నంతసేపు హౌస్ ట్రాకులోంచి కిక్ మాత్రమే ఉంచి, హ్యాట్‌లు, పెర్కషన్ పూర్తిగా తీసేస్తే హాయిగా కుదురుతుంది. డప్పుకి స్పష్టమైన స్వరస్థానం లేదు కాబట్టి కీ గొడవా లేదు.

టెంపో మారితే శృతీ మారుతుంది

టెక్ హౌస్ 1990ల మధ్యలో లండన్‌లో రూపు కట్టింది. 1995లో తెరిచి 2009లో మూసేసిన ది ఎండ్ క్లబ్ ఆ కాలపు ముఖ్యమైన వేదిక. అప్పుడు డీజేల చేతిలో ఉన్నది టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్, ±8% పిచ్ ఫేడర్. రికార్డుని వేగంగా తిప్పితే శృతి కూడా పెరుగుతుంది, రెండింటినీ విడదీసే మార్గం లేదు. ఇప్పుడు మాస్టర్ టెంపో లేదా కీ లాక్ అనే బటన్ విడదీస్తుంది. అయినా అసలు సంబంధం తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ బటన్ ఉచితంగా పనిచేయదు.

వేగం 5.95% పెరిగితే శృతి సరిగ్గా ఒక అర్ధస్వరం పెరుగుతుంది. 1% పెరిగితే అర్ధస్వరంలో ఆరో వంతు, 17 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు). 126 ట్రాకుని కీ లాక్ లేకుండా 128కి తీసుకెళ్తే 27 సెంట్లు పెరుగుతుంది. 124 నుంచి 128కి అయితే 55 సెంట్లు, అంటే అర్ధస్వరంలో సగం దాటినట్టు. దాని కీ ఇక ఏ చక్రంలోనూ లేని చోట, రెండు గడుల మధ్య పడుతుంది.

ఇది బేస్‌లో ఎలా వినిపిస్తుందో దగ్గరగా చూద్దాం. టెక్ హౌస్ బేస్‌లు ఎక్కువగా ఎఫ్, ఎఫ్ షార్ప్, జీ, ఏ చుట్టూ తిరుగుతాయి, క్లబ్ సబ్ స్పీకర్లు బాగా మోగేది అక్కడే. కింది ఎఫ్ 43.65 హెర్ట్జ్. దాన్ని 27 సెంట్లు పెంచితే 44.34. ఈ రెండూ కలిసి సాగితే తేడా 0.69 హెర్ట్జ్. అంటే దాదాపు మూడు బీట్లకోసారి బేస్ ఉబ్బి తగ్గుతుంది. ఎవరూ శృతి తప్పిందనరు, "సౌండ్ ఏదో తేడాగా ఉంది" అంటారు. అదే ఎఫ్ మీద ఎఫ్ షార్ప్, 46.25 హెర్ట్జ్, పడితే సెకనుకి రెండున్నర సార్లకు పైగా ఊగుతుంది. సబ్ గుడగుడలాడిపోతుంది.

కీ లాక్ వేస్తే ఈ ఊగుడు పోతుంది. బదులుగా శబ్దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి సాగదీయడమో కుదించడమో జరుగుతుంది కాబట్టి కిక్ మొదటి దెబ్బ మొద్దుబారుతుంది, పొడవాటి బేస్ స్వరంలో సన్నని వణుకు వస్తుంది. నేను పాటించే హద్దు ఇది: తేడా 1% లోపు ఉంటే కీ లాక్ తీసేసినా ఇబ్బంది ఉండదు, కిక్ పదును మిగులుతుంది. 1 నుంచి 3% మధ్య కీ లాక్ వేయాలి. 3% దాటితే ఆ ట్రాక్ ఆ చోటుకి సరిపోదు, ఇంకోటి వెతకాలి. తేడాని రెండు ట్రాకులూ పంచుకోవచ్చు కూడా. 126, 128 ట్రాకులని రెండింటినీ 127 దగ్గర కలిపితే ఒక్కోటి 0.8% మాత్రమే కదులుతుంది, కిక్‌లు రెండూ బాగుంటాయి. కానీ కీ లాక్ లేకపోతే వాటి మధ్య శృతి తేడా మాత్రం ఆ 27 సెంట్లే. ఒకటి పైకి, ఒకటి కిందకి జరిగాయి కదా. కాబట్టి రెండు బేస్‌లు కలిపే ఉద్దేశం ఉంటే అప్పుడు కూడా లాక్ వేయాల్సిందే.

ఆరు శాతాన్ని పనికొచ్చేలా వాడుకునే దారీ ఉంది. కీ లాక్ లేకుండా 6% పెంచిన 4ఏ ట్రాక్ దాదాపు 11ఏ అవుతుంది, 6% తగ్గిస్తే 9ఏ. 120 దగ్గర చేసిన పాత హౌస్ ట్రాకుని 127కి తెచ్చేటప్పుడు ఈ లెక్కే పనిచేస్తుంది.

సెట్ నడుస్తుండగా మొత్తం టెంపో పెంచాలంటే మిక్స్ అయిపోయి ఒక్క ట్రాకే మోగుతున్నప్పుడు పెంచండి. ఒక్కో ట్రాక్‌కి అర బీపీఎం, అదీ ఎనిమిది పదహారు బార్ల మీద మెల్లగా. రెండు ట్రాకులు కలిసి ఉండగా ఫేడర్ కదపడం ప్రమాదం.

చక్రం ఎంతవరకు చెప్తుంది

క్యామెలాట్ చక్రం పన్నెండు గడులు, ఒక్కో దానిలో ఏ అంటే మైనర్, బి అంటే మేజర్. 8ఏ అంటే ఏ మైనర్, 8బి అంటే సీ మేజర్. ఒక అంకె పెరిగితే శృతి ఒక పంచమం పైకి జరుగుతుంది. కాబట్టి 4ఏ ఎఫ్ మైనర్, 5ఏ సీ మైనర్, 6ఏ జీ మైనర్. ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి కనిపించే ఓపెన్ కీ పద్ధతిలో అంకెలు వేరు, ఏ మైనర్ అక్కడ 1ఎమ్. రెండు పద్ధతులూ కలిపేసి చదవకండి.

పక్క గడిలోకి వెళ్తే ఎందుకు బాగుంటుంది? ఎఫ్ మైనర్‌కీ సీ మైనర్‌కీ ఏడు స్వరాల్లో ఆరు ఒకటే. ఒకదానిలో డీ ఫ్లాట్, ఇంకోదానిలో డీ. అంతే తేడా. బేస్‌లు కూడా పంచమం దూరంలో ఉంటాయి కాబట్టి కలిసి మోగినా పోట్లాడవు. అదే అంకెలో ఏ నుంచి బికి వెళ్లడమూ ఇలాగే కుదురుతుంది. రెండంకెలు పెంచితే ఒక స్వరం పైకి, ఏడంకెలు పెంచితే అర్ధస్వరం పైకి. ఈ రెండూ ఊపు పెంచడానికి పనికొస్తాయి కానీ బేస్‌లు ఒక్క బీట్ కూడా కలవకూడదు. బ్రేక్‌డౌన్ (కిక్ ఆగిపోయే భాగం) చివర, డ్రాప్ (కిక్, బేస్ మళ్లీ పడే చోటు) మీద ఒక్కసారిగా మార్చేయాలి.

ఇక సాఫ్ట్‌వేర్ ఇచ్చే కీ ఎంత నమ్మకం? టెక్ హౌస్‌లో తక్కువే. వినిపించిన స్వరాలన్నింటినీ లెక్కపెట్టి, ఆ కట్ట ఏ స్కేల్‌కి దగ్గరగా ఉందో అది ఊహిస్తుంది. మూడు స్వరాల బేస్‌లైన్‌లో ఊహించడానికి సరుకు ఉండదు. కిక్ తోక, టామ్‌లు, పిచ్ మార్చిన గొంతు ముక్కలు ఆ లెక్కని ఇంకా కలగాపులగం చేస్తాయి.

కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చక్రంలో ఏ వైపున్నవన్నీ నటభైరవి, బి వైపున్నవన్నీ శంకరాభరణం. కానీ టెక్ హౌస్ బేస్‌లు తరచూ ఖరహరప్రియలోనో, చీకటి రంగు కావాలంటే తోడి స్వరాల్లోనో నడుస్తాయి. ఎఫ్ షడ్జమంగా ఖరహరప్రియ వాయిస్తే వచ్చే స్వరాలు సీ షడ్జమంగా నటభైరవి స్వరాలే. స్వరాలు అవే ఉండి షడ్జమం మారే ఈ పద్ధతే గ్రహభేదం. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ ట్రాకుని 5ఏ అని రాయొచ్చు, బేస్ మాత్రం ఎఫ్ మీద కూర్చుని ఉంటుంది. ఎఫ్ మీద తోడి స్వరాలైతే 3ఏ అని రాయొచ్చు. లేబుల్ పూర్తిగా తప్పు అనలేం, స్వరాలు అవే. బేస్ ఎక్కడ నిలుస్తుందన్నది మాత్రం అందులో లేదు, మిక్స్‌కి కావాల్సింది అదే.

అందుకని ప్రతి ట్రాక్‌కీ రెండు విషయాలు రాసుకోండి: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కీ, చెవితో పట్టుకున్న బేస్ ఆధార స్వరం. పట్టుకునే విధానం ఇది. బేస్ నిండుగా ఉన్న చోట నాలుగు బార్ల లూప్ వేయండి. ఫోన్‌లో ఏదైనా కీబోర్డ్ యాప్ తెరిచి, బేస్‌కి ఒకటి రెండు స్థాయిలు పైన స్వరాలు ఒక్కొక్కటే నొక్కుతూ వెళ్లండి, అసలు 44 హెర్ట్జ్ లాప్‌టాప్ స్పీకర్లో వినపడదు. ఎక్కడ నొక్కితే శ్రుతిపెట్టె సరిపోయినట్టు లూప్ మొత్తం కుదుటపడుతుందో అదే ఆధారం. తర్వాత దానికి మూడు అర్ధస్వరాల పైన సాధారణ గాంధారం, నాలుగు పైన అంతర గాంధారం నొక్కి చూడండి. ఏది ఇముడుతుందో దాన్నిబట్టి మైనరో మేజరో తేలుతుంది. రెండూ ఇమిడితే ఆ ట్రాకులో గాంధారమే లేదు, మైనర్ మీదా మేజర్ మీదా రెండింటి మీదా వేయొచ్చు. అలాంటి ట్రాకులకి ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి, ఇరుకులో పడ్డప్పుడు ఆదుకునేవి అవే. హెడ్‌ఫోన్ పెట్టుకునే ఈ పని చేయాలి.

ఒక మిక్స్ మొదటి నుంచి చివరిదాకా

బయటికెళ్లే ట్రాక్ 4ఏ, ఆధారం ఎఫ్. వచ్చేది 5ఏ, ఆధారం సీ. రెండూ 126. ఒక్కోదానికి 32 బార్ల డ్రమ్ ఇంట్రో (మొదలు), అవుట్రో (ముగింపు).

బయటికెళ్లేదాని చివరి డ్రాప్‌లో, అవుట్రో మొదలవడానికి 16 బార్ల ముందు, అంటే 30 సెకన్ల ముందు, కొత్త ట్రాకుని ఒకటో బీట్ మీద వదలండి. లో నాబ్ (బేస్ ఈక్యూ) పూర్తిగా కిందకి, హై మధ్య గీతకి కొంచెం కింద, మిడ్ కూడా కొంచెం తగ్గించి. ఫేడర్‌ని మొదటి 8 బార్లలో పైకి తేండి. ఇప్పుడు వినిపించేది పాతదాని కిక్, బేస్, దాని మీద కొత్తదాని హ్యాట్‌లు. తర్వాతి 8 బార్లలో షేకర్లు కలుస్తున్నాయో లేదో వినండి, కలవకపోతే పాతదాని హై తగ్గించండి. పదహారు బార్లు పూర్తయి అవుట్రో మొదలయ్యే ఆ ఒకటో బీట్ మీద రెండు లో నాబ్‌లనీ ఒకేసారి మార్చండి: పాతది కిందకి, కొత్తది మధ్యకి. అక్కడినుంచి కిక్ కొత్తది. కొత్తదాని బేస్‌లైన్ ఇంకో 16 బార్ల తర్వాత వస్తుంది. అప్పటికి పాతదానిలో మిగిలేది డ్రమ్స్ పై భాగమే.

ఇలా చేస్తే రెండు బేస్‌లు అసలు కలవవు కదా, కీ ఎందుకు? పాతదాని గొంతు ముక్కో సింత్ ముక్కో లూప్ చేసి కొత్త బేస్ మీద మరో 16 బార్లు నడిపించవచ్చు. ఆ ఆనందం కోసమే పక్క గడి ట్రాకులు ఎంచుకునేది. ఆధారాలు అర్ధస్వరం తేడాలో ఉంటే ఆ ముక్క సాగదు.

లో నాబ్‌లని నెమ్మదిగా, సగం సగం మార్చడం చాలామంది చేస్తారు. కీబోర్డ్ మెలోడీ ఉన్న సంగీతంలో అది నడుస్తుంది, ఇక్కడ నడవదు. రెండు కిక్‌లు సరిగ్గా కలిస్తే శబ్దం 6 డెసిబెల్స్ వరకు పెరిగి మిక్సర్ ఎర్రలోకి పోతుంది. 10 మిల్లీసెకన్లు తప్పితే ఇంకా ఘోరం. 50 హెర్ట్జ్ అల ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు, సగం చుట్టు పదే. ఒకటి పైకి లేచేటప్పుడు ఇంకోటి కిందకి పోయి రెండూ కొట్టేసుకుంటాయి. ఫ్లామ్‌లా (విడివిడిగా రెండు దెబ్బల్లా) వినిపించేంత తేడా కూడా కాదది, కిక్ బోలుగా మాత్రం అయిపోతుంది. మొదట్లో చెప్పిన పలచబడ్డ కిక్‌కి చాలాసార్లు కారణం ఇదే. డీజేఎమ్-900 నెక్సస్2 లాంటి మిక్సర్లలో ఈక్యూ మోడ్‌లో లో పూర్తిగా తగ్గించినా 26 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. పూర్తిగా తీసేయాలంటే ఐసోలేటర్ మోడ్‌కి మార్చాలి. టెక్ హౌస్‌కి 26 సరిపోతుంది.

పాట గొంతు వేయాలంటే

హైదరాబాద్‌లోనైనా, డల్లాస్‌లో తెలుగువాళ్ల పెళ్లిలోనైనా హౌస్ సెట్ మధ్యలో తెలుగు సినిమా పాట గొంతు ఒక్కసారి వేస్తే హాలు లేస్తుంది. అక్కడ రెండు జాగ్రత్తలు. వాద్యబృందం కూర్చుని వాయించిన పాత పాటల్లో టెంపో కదులుతూ ఉంటుంది, ఒకే బీపీఎం గ్రిడ్ కుదరదు. డైనమిక్ అనాలిసిస్ (టెంపో మార్పుల వెంట గ్రిడ్ గీసేది) పెట్టాలి, లేదా నాలుగు నాలుగు బార్ల ముక్కలుగా కోసి వేయాలి. మాయామాళవగౌళ లాంటి రాగాల మీద కట్టిన పాటకి చక్రంలో గడే లేదు. సాఫ్ట్‌వేర్ ఏం రాసినా పక్కనపెట్టి, గాయకుడి షడ్జమం పట్టుకుని, అదే ఆధారం ఉన్న, గాంధారం లేని టెక్ హౌస్ ట్రాక్ కింద వేయండి.

96 బీపీఎం పాట నుంచి 128 హౌస్‌లోకి వెళ్లడానికి చక్కటి వంతెన ఉంది. 96లో మూడు బీట్లు, 128లో నాలుగు బీట్లు రెండూ సరిగ్గా 1.875 సెకన్లు. మిక్సర్‌లో ఎకోని 3/4 బీట్‌లో పెట్టి పాట చివరి మాట మీద వేస్తే, ఆ ప్రతిధ్వని 0.469 సెకన్లకోసారి వస్తుంది, 128 బీపీఎం బీట్ అదే. ప్రతిధ్వని రెండు మూడుసార్లు మోగాక దాని మీదే కొత్త ట్రాక్ మొదటి కిక్ వదలండి. పాట 96 కాక 95 ఉంటే ముందే 96కి తెచ్చి, ఎకో టెంపో కూడా 96 చూపిస్తోందో లేదో మిక్సర్ మీద చూసుకోవాలి. ఆటో బీపీఎం కౌంటర్ అలాంటి పాటల్లో సగమో రెట్టింపో చూపించడం మామూలే. ట్యాప్ బటన్‌తో చేత్తో కొట్టి పెట్టడం మేలు.